హార్డ్ డిస్క్ టక్ టక్ అంటోంది, వారంటీలో మార్చుకోవాలా, డబ్బు పెట్టి తెరిపించాలా?

ప్రొద్దుటూరు ఫోటో:
అందరికీ నమస్తే. మాది ప్రొద్దుటూరు, పదేళ్లుగా పెళ్లిళ్ల ఫోటోలు తీస్తున్నాను. నా దగ్గర 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ ఉంది, కొని 19 నెలలైంది, వారంటీ మూడేళ్లు. కింద పడలేదు, నీళ్లు తగల్లేదు. మొన్న ఆదివారం రాత్రి ఆల్బమ్‌కి ఫోటోలు ఏరుతుంటే ఉన్నట్టుండి సిస్టమ్ బిగుసుకుపోయింది. కేబుల్ తీసి మళ్లీ పెడితే లైటు వెలుగుతోంది, లోపల ఏదో తిరుగుతోంది, టక్ టక్ టక్ అని ఏడెనిమిది సార్లు కొట్టుకుని ఆగిపోతోంది. కంప్యూటర్‌లో డ్రైవ్ కనపడటం లేదు. అప్పటి నుంచి నిద్ర లేదు.

ముగ్గురు మూడు మాటలు చెబుతున్నారు. సర్వీస్ సెంటర్‌వాళ్లు డిస్క్ ఇచ్చేస్తే బదులు వేరేది ఇస్తాం, లోపలి డేటాతో మాకు సంబంధం లేదు అంటున్నారు. ఊళ్లో రిపేరు షాపతను డిస్క్‌కి ఉండే సర్క్యూట్ బోర్డు మారిస్తే లేస్తుంది, రెండు వేలు ఇవ్వండి అంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక రికవరీ ల్యాబ్‌కి ఫోన్ చేస్తే చూడకుండా చెప్పలేం, పదిహేను నుంచి ముప్పై వేల దాకా పడొచ్చు అన్నారు, పైగా మూత తెరిస్తే వారంటీ పోతుందట. డిస్క్ నేను కొన్నది 5,800కి. ఆరు వేల వస్తువుకి ముప్పై వేలు పెట్టడమేంటని ఇంట్లో అడుగుతున్నారు. కానీ అందులో 1.4 టీబీ పని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఏడురోడ్ల కుర్రోడు:
అన్నా, కవర్‌లో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టు. పొద్దున తీసి వెంటనే కనెక్ట్ చేస్తే కాసేపు పనిచేస్తుంది, ఆ లోపల కాపీ చేసుకో. మా మామ ఇట్లాగే చేశాడు, వచ్చింది.

కొండారెడ్డి బురుజు:
ప్రొద్దుటూరు తమ్ముడూ, ముందు ఆ కేబుల్ పీకి డిస్క్‌ని పక్కన పెట్టు. ఇంకొక్కసారి చూద్దాం అని మళ్లీ పెట్టొద్దు. కర్నూలులో పదిహేనేళ్లుగా సర్వీస్ షాపు నడుపుతున్నాను, నా దగ్గరికి వచ్చినవాటిలో సగం డిస్కులు ఆ "ఇంకొక్కసారి" వల్లే పోయినవి.

లోపల అద్దంలా మెరిసే పళ్లేలు తిరుగుతుంటాయి, పోర్టబుల్ వాటిల్లో మామూలుగా నిమిషానికి 5,400 చుట్లు. డేటా చదివే హెడ్ వాటిని తాకదు, పైన తేలుతుంది, మధ్యలో సందు కొన్ని నానోమీటర్లే. తల వెంట్రుక మందం యాభై వేల నానోమీటర్ల పైమాటే, కాబట్టి ఆ సందు ఎంత సన్ననిదో ఊహించుకో. హెడ్ తానెక్కడుందో తెలుసుకోవడానికి పళ్లెం మీద ఫ్యాక్టరీలోనే రాసిన గుర్తులు చదువుకుంటుంది. అవి అందకపోతే వెనక్కి పోయి మళ్లీ వస్తుంది, మళ్లీ అందవు, మళ్లీ వెనక్కి. నీకు వినపడే టక్ టక్ అదే. హెడ్ వంగిపోయి ఉంటే వచ్చిన ప్రతిసారీ పళ్లెం మీద గీత పడుతుంది, ఆ గీత కింద పోయిన ఫోటోని ఏ ల్యాబ్ కూడా తీయలేదు.

ఫ్రీజర్ సంగతి. కుర్రోడా, మీ మామది ఏ కాలం డిస్కో, జబ్బు ఏమిటో మనకు తెలియదు. చల్లని డిస్క్‌ని మన కడప గాలిలోకి తీసిన నిమిషంలో లోపల చెమ్మ పడుతుంది. కొన్ని నానోమీటర్ల సందులో నీటి బొట్టు కొండతో సమానం. దయచేసి ఎవరికీ చెప్పొద్దు ఆ చిట్కా.

ఇక బోర్డు. ఇరవై ఏళ్ల కిందట అదే మోడల్ బోర్డు తెచ్చి బిగిస్తే కొన్ని లేచేవి, నిజమే. ఇప్పటి బోర్డుల మీద చిన్న చిప్‌లో ఆ ఒక్క డిస్క్‌కే సరిపోయే కొలతలు ఉంటాయి, ఆ చిప్‌ని కూడా ఊడదీసి కొత్త బోర్డు మీదికి మార్చకపోతే పని కాదు. కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో అయితే యూఎస్‌బీ బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది, ఆ బోర్డు చెత్తబుట్టలో వేస్తే పళ్లేలు బాగున్నా చదవలేం. పైగా బోర్డు కాలిపోతే డిస్క్ చాలావరకు చడీచప్పుడు లేకుండా పడి ఉంటుంది. నీది తిరుగుతోంది, కొట్టుకుంటోంది. ఆ రెండు వేలు ఇవ్వొద్దు.

అసలు విషయం ఇది. ఈ డిస్క్ బాగుపడదు. ల్యాబ్‌వాళ్లు కూడా బాగుచేయరు. అదే మోడల్ డిస్క్ ఇంకోటి తెచ్చి దాని హెడ్లు తీసి దీనికి పెడతారు, దుమ్ము లేని గదిలో, పీసీ-3000 లాంటి డేటా తీసే మిషన్‌కి తగిలించి చివరిసారి నెమ్మదిగా చదివించుకుంటారు, వచ్చింది వేరే డిస్క్‌లోకి దించుతారు, అంతే. తర్వాత దాన్ని పారేయాల్సిందే. కాబట్టి ఆరు వేల డిస్క్‌కి ముప్పై వేలా అని లెక్క వేయొద్దు. లోపల ఉన్నది ఎంత విలువో అది వెయ్.

పెన్నా గట్టు:
బురుజన్న చెప్పింది ముమ్మాటికీ నిజం. నేను జమ్మలమడుగులో ఆల్బమ్ డిజైన్ చేస్తాను కాబట్టి ఒక్క మాట. 1.4 టీబీ పోయింది అని కూర్చోవద్దు అన్నా, అందులో ఇంకెక్కడా లేనివి ఏవో ఒక కాగితం మీద రాయి. డెలివరీ అయిపోయిన పెళ్లిళ్లు పార్టీ దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. ఆల్బమ్ డిజైన్ చేసినవాళ్ల సిస్టమ్‌లో ఏరిన ఫోటోలు ఉంటాయి, నా దగ్గర రెండేళ్ల కిందటివి కూడా ఉన్నాయి. ప్రింటింగ్ ల్యాబ్‌వాళ్లు షీట్లు కొన్నాళ్లు ఉంచుతారు. రెండో కెమెరా తీసినతను కాపీ ఉంచుకుని ఉండొచ్చు. అన్నిటికంటే ముందు నీ కెమెరా కార్డులు! ఈ రోజు నుంచి వాటితో ఒక్క ఫోటో కూడా తీయొద్దు, కొత్తవి కొనుక్కో. కార్డ్ ఫార్మాట్ చేసినా చాలా కెమెరాల్లో చెరిగేది పట్టిక మాత్రమే, పైన వేరే ఫోటోలు పడనంతవరకు కిందివి అలాగే ఉంటాయి. ఫోటోరెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దానితో వెతుకు. దొరికినవి అదే కార్డ్ మీదకి కాకుండా కంప్యూటర్‌లోకి దించు, అదొక్కటి మర్చిపోకు.

ప్రొద్దుటూరు ఫోటో:
పెన్నా అన్నా, కార్డుల సంగతి నాకు తట్టనే లేదు. ఈ రోజంతా కూర్చుని రాశాను. డెలివరీ అయిన 23 పెళ్లిళ్లలో 19 పార్టీల దగ్గర ఉన్నాయని ఫోన్ చేసి కనుక్కున్నాను. మిగతా నాలుగూ పాతవి, ఆల్బమ్‌లు చేతికి ఇచ్చేశాను, అడిగే అవకాశం తక్కువ. ఇవ్వాల్సినవి మూడు ఉన్నాయి. మాఘమాసంలో చేసిన పెళ్లి ఒకటి కార్డుల్లో యథాతథంగా ఉంది, దండం పెట్టుకున్నాను. రెండో పెళ్లి కార్డ్ ఫార్మాట్ చేసి ఒక ఓణీల ఫంక్షన్ తీశాను, ఫోటోరెక్ నడుస్తోంది. మూడోది షష్టిపూర్తి. ఆ కార్డులు మాత్రం నాలుగైదు సార్లు వాడేశాను.

అనంత టీచర్:
ఈ చర్చ చదువుతుంటే నా పీహెచ్‌డీ రోజులు గుర్తొచ్చాయి. నాకూ డిస్క్ పోయింది, కానీ మీలా చప్పుడు లేదు. ల్యాప్‌టాప్ నత్తలా నడిచేది, ఒక ఫోల్డర్ తెరిస్తే ఐదు నిమిషాలు. కాలేజీలో ఎవరో విండోస్‌లో చెక్ డిస్క్ కొట్టండి మేడమ్, సరిపోతుంది అంటే రాత్రి పెట్టి పడుకున్నాను. పొద్దునకి సగం ఫోల్డర్లు లేవు. మూడేళ్ల సర్వే ఫారాలు అందులోనే ఉన్నాయి. చప్పుడు లేని డిస్క్ గురించి కూడా ఎవరైనా రాస్తే చదివేవాళ్లకు పనికొస్తుంది.

గుత్తి లైనక్స్:
మేడమ్, చెక్ డిస్క్ చేసేది డిస్క్‌ని బాగుచేయడం కాదు, ఫైళ్ల పట్టికని సరిచేయడం. చదవలేని చోటు కనపడితే ఆ ఫైల్‌ని పట్టికలోంచి తీసేయడానికి కూడా వెనకాడదు, పైగా చెడిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న గదులు) వెతకమంటే చస్తున్న డిస్క్‌ని గంటల తరబడి ఉతికి ఆరేస్తుంది. డేటా బయటికి తీసుకున్నాక అయితే ఎన్నిసార్లైనా కొట్టుకోవచ్చు.

నత్త డిస్క్ వస్తే నేను చేసేది చెబుతాను. మొదట స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూస్తాను, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. 05 అంటే ఇప్పటికే చెడి బదులు చోటికి మార్చిన సెక్టార్లు, సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్నవి. సీ5 రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్క్‌కి రోజులు దగ్గరపడ్డట్టే. సీ7 అంటే కేబుల్ దారిలో వచ్చిన తప్పులు, అది మాత్రమే పెరుగుతుంటే డిస్క్‌ని అనుమానించకముందు కేబుల్ మార్చి చూడండి, నలభై రూపాయల సాటా కేబుల్ వల్ల మంచి డిస్కులు పారేసినవాళ్లున్నారు.

తర్వాత విండోస్‌లోకి పోను. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే కాపీ తీసే ప్రోగ్రామ్ నడుపుతాను. అది సులువుగా వచ్చే భాగాలన్నీ ముందు లాగేస్తుంది, మొండికేసిన చోట ఆగకుండా దాటిపోతుంది, ఎక్కడెక్కడ వదిలిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది, చివర్లో మాత్రమే వెనక్కి వచ్చి ఆ ముక్కల కోసం ప్రయత్నిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా మ్యాప్ ఉంది కాబట్టి ఆగిన చోటి నుంచే మొదలవుతుంది, మన ఎండాకాలంలో ఇది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. ఎక్కించే డిస్క్ అంతే సైజు లేదా పెద్దది ఉండాలి. ఒక్క జాగ్రత్త, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది తిరగేసి రాస్తే ఖాళీ డిస్క్ వచ్చి అసలు దాని మీద పడుతుంది, ఎంటర్ కొట్టే ముందు మూడుసార్లు చదవండి.

ప్రొద్దుటూరు అన్నా, ఇది నీ డిస్క్‌కి కాదు. టక్ టక్ అనే దానికి ఏ సాఫ్ట్‌వేరూ వద్దు.

ఏడురోడ్ల కుర్రోడు:
ఫ్రీజర్ మాట వెనక్కి తీసుకుంటున్నా అన్నా, తెలియక చెప్పాను. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలో దాచే డ్రైవ్) అయితే ఈ హెడ్ల గోల ఉండదు కదా, అందరూ దానికే మారిపోతే సరిపోదా?

కొండారెడ్డి బురుజు:
తెలియక చెప్పిందానికి ఏముందిలే తమ్ముడూ. ఎస్‌ఎస్‌డీకి హెడ్లు లేవు, కింద పడినా తట్టుకుంటుంది, కానీ పోయేటప్పుడు చెప్పి పోదు. హార్డ్ డిస్క్ చాలాసార్లు ముందే నెమ్మదిస్తుంది, శబ్దం చేస్తుంది, ఏదో ఒకటి చేస్తుంది. ఎస్‌ఎస్‌డీలో కంట్రోలర్ (దాన్ని నడిపే చిప్) పోతే నిన్న రాత్రి బాగున్నది ఈ పొద్దున లేదు. పొరపాటున ఫైల్ డిలీట్ చేసినా ట్రిమ్ అనే, డిలీట్ చేసిన చోటును చెరిపేసే ఏర్పాటు వల్ల ఆ చోటు తొందరగానే ఖాళీ అయిపోతుంది, హార్డ్ డిస్క్‌లో లాగా వెతికి తీయడం కుదరదు. ఎడిటింగ్‌కి ఎస్‌ఎస్‌డీ వాడుకోండి, స్పీడు బాగుంటుంది. బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి కరెంటు చూపించకుండా వదిలేయడానికి మాత్రం అది వద్దు.

కేసీ కెనాల్:
ఎప్పుడూ చదివి వెళ్లిపోయేవాణ్ని, ఈ రోజు రాయాలనిపించింది. మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి, మా స్టూడియో రెండో మెట్టు దాకా అనుకుంటే పైకప్పు దాకా వచ్చింది. నీళ్లు తీశాక బురదలోంచి మూడు హార్డ్ డిస్కులు ఏరుకున్నాను. అప్పుడు చెప్పేవాళ్లు లేరు. డాబా మీద రెండు రోజులు ఎండబెట్టి, బాగా ఆరాయి అనుకుని కరెంటు ఇచ్చాను. మూడూ పోయాయి. డిస్క్‌కి గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుందని, దానిగుండా బురద నీళ్లు లోపలికి పోతాయని, ఎండబెడితే ఆ బురద పళ్లేనికి అంటుకుపోతుందని, తడి ఆరనీయకుండా కవర్‌లో కట్టి ల్యాబ్‌కి పంపి ఉంటే వచ్చేవేమో అని తర్వాత ఎప్పుడో తెలిసింది. పదకొండు పెళ్లిళ్లు. ఆ ఇళ్లల్లో ఆల్బమ్‌లు కూడా నీళ్లలోనే పోయాయి, అంటే వాళ్లకి పెళ్లి ఫోటో అన్నదే లేదు. ఇప్పటికీ బజార్లో కనపడితే ఒకామె అడుగుతుంది, ఒక్కటైనా ఉందా అన్నా అని.

తమ్ముడూ, డబ్బు తర్వాత సంపాదించుకోవచ్చు. షష్టిపూర్తి ఎవరిది?

ప్రొద్దుటూరు ఫోటో:
అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. షష్టిపూర్తి మైదుకూరు వైపు ఒక రైతు కుటుంబానిది. ఆ పెద్దాయన ఉగాదికి వారం ముందు గుండెపోటుతో పోయారు. ఫ్రేమ్ కోసం ఫోటో ఇవ్వమని కొడుకు ఫోన్ చేశాడు, ఆల్బమ్ పనిలో ఉంది అని చెప్పి పెట్టేశాను, నిజం చెప్పే ధైర్యం రాలేదు. వాట్సాప్‌లో పంపిన నాలుగు చిన్న ఫోటోలు తప్ప ఇంకేం లేవు.

ఫోటోరెక్‌తో రెండో పెళ్లివి 900 పైగా వచ్చాయి, తాళి, తలంబ్రాలు ఉన్నాయి, అప్పగింతలు రాలేదు. వీడియోగ్రాఫర్ దగ్గర ఆ భాగం ఉందన్నాడు.

అంటే ఇప్పుడు లెక్క ఆ ఒక్క షష్టిపూర్తి దగ్గర ఆగింది.

అనంత టీచర్:
బాబూ, ముందు ఆ కొడుకుకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచితే రేపు అది ఇంకో పెద్ద మాట అవుతుంది.

పెన్నా గట్టు:
మేడమ్ మాట విను. ఇక ల్యాబ్‌కి ఇచ్చేముందు అడగాల్సినవి అడుగు. డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు, హెడ్ల కోసం తెచ్చే డిస్క్ ఖర్చు అందులోనే ఉందా వేరా, డబ్బు కట్టేముందు వచ్చిన ఫైళ్ల జాబితా చూపిస్తారా, వాళ్లే తెరుస్తారా లేక ఇంకొకరికి పంపుతారా. కొందరు తీసుకుని బెంగళూరుకో చెన్నైకో పంపేసి మధ్యలో కమీషన్ వేస్తారు. పార్సిల్‌లో వేయకుండా నువ్వే పట్టుకుపో, తప్పదంటే యాంటీ స్టాటిక్ కవర్, దాని చుట్టూ రెండంగుళాల మెత్త. షష్టిపూర్తి ఫోల్డర్ ముందు తీయమని రాసి ఇవ్వు, అన్నీ సమానంగా తీయడానికి కూర్చుంటే మధ్యలో కొత్త హెడ్లు కూడా పోవచ్చు.

కొండారెడ్డి బురుజు:
వారంటీ గురించి కూడా ఒకటి. సర్వీస్‌కి ఇస్తే కొత్తదే వస్తుందని లేదు, బాగుచేసి అమ్మేది కూడా ఇవ్వొచ్చు. నీ డిస్క్ తిరిగి రాదు, అది ముఖ్యం. కొన్ని కంపెనీలు తాము గుర్తించిన ల్యాబ్ తెరిస్తే వారంటీ ఒప్పుకుంటాయి, ల్యాబ్ లెటర్ కావాలి, ముందే కస్టమర్ కేర్‌ని అడుగు. కొన్ని మోడళ్లకి కొన్నప్పుడే రికవరీ సర్వీస్ కలిపి ఇస్తారు, సీగేట్‌లో రెస్క్యూ అని ఉంటుంది. పాత పెట్టె ఉంటే తీసి చదువు.

కంప్యూటర్ సామాన్లకి కర్నూలు నుంచి సికింద్రాబాద్ సీటీసీకి, అనంతపురం నుంచి బెంగళూరు ఎస్పీ రోడ్‌కి, కడప నుంచి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోతుంటాం కదా, ఆ సందుల్లో డేటా తీస్తాం అని బోర్డు పెట్టిన ప్రతి కొట్టూ ల్యాబ్ కాదు. నీ ముందే టేబుల్ మీద స్క్రూలు విప్పబోతే డిస్క్ లాక్కుని వచ్చేయ్.

ప్రొద్దుటూరు ఫోటో:
పెట్టె చూశాను, నాదానికి అలాంటి సర్వీస్ లేదు. కొడుకుకి ఫోన్ చేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఎంతవుతుందో చెప్పు అన్నా, సగం మేం పెట్టుకుంటాం అన్నాడు. వద్దన్నాను, తప్పు నాది. రేపు రాత్రి బస్సుకి హైదరాబాద్ పోతున్నాను.

ప్రొద్దుటూరు ఫోటో:
మూడు వారాలైంది, ఆలస్యానికి క్షమించండి. రెండు హెడ్లు పోయాయన్నారు, ఒక పళ్లెం అంచున గీత కూడా ఉందట. మొత్తం 22,000 అయింది, జాబితా చూపించాకే డబ్బు తీసుకున్నారు. షష్టిపూర్తిలో 640 ఫోటోలకు 571 పూర్తిగా వచ్చాయి. కొన్ని కింది సగం బూడిద రంగులో ఉన్నాయి. బాధేమిటంటే దంపతులు ఇద్దరినీ పీటల మీద కూర్చోబెట్టి తీసిన దగ్గరి ఫోటోలు ఆ పోయినవాటిలో ఉన్నాయి, వాటి రా ఫైళ్లు (జేపెగ్‌గా మార్చకముందు కెమెరా దాచే ఫైళ్లు) అసలు తెరుచుకోవడం లేదు.

గుత్తి లైనక్స్:
అన్నా, ఆ తెరుచుకోని రా ఫైళ్లు డిలీట్ చేయొద్దు! చాలా కెమెరాలు రా ఫైల్ లోపల జేపెగ్ ఒకటి దాచి ఉంచుతాయి, కెమెరా వెనక స్క్రీన్ మీద కనపడేది అదే. కొన్నిటిలో అది పూర్తి సైజులో ఉంటుంది. రా డేటా చెడినా ఆ జేపెగ్ ఉన్న చోటు బాగుంటే బయటికి తీయొచ్చు. ఎక్సిఫ్‌టూల్‌తో ప్రయత్నించు, ఉచితమే. కుదరకపోతే రెండు ఫైళ్లు నాకు పంపు.

కేసీ కెనాల్:
తీశావా తమ్ముడూ? రోజూ వచ్చి చూస్తున్నాను.

ప్రొద్దుటూరు ఫోటో:
వచ్చాయి అన్నా. పదకొండు ఫైళ్లలో ఏడింటికి పూర్తి సైజు జేపెగ్ వచ్చింది. పీటల మీద ఇద్దరూ ఉన్నది, ఆయన పక్కకి తిరిగి ఆమెతో ఏదో చెబుతున్నది, స్పష్టంగా ఉంది. 16 బై 20 ప్రింట్ వేయించి నిన్న సాయంత్రం మైదుకూరు పోయి ఇచ్చాను. ఆమె చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది, గోడకి వద్దు, మంచం పక్కన పెట్టండి అంది.

ఇప్పుడు 2 టీబీ డిస్కులు రెండు కొన్నాను, వేర్వేరు కంపెనీలవి. ఒకటి స్టూడియోలో, ఒకటి మా అక్క వాళ్లింట్లో. కార్డులు ఆల్బమ్ ఇచ్చేదాకా ఫార్మాట్ చేయడం లేదు.

కొండారెడ్డి బురుజు:
మంచి పని చేశావు. ఫోటోగ్రాఫర్లకి ఈ బ్యాకప్ లెక్క చెప్పింది కూడా ఒక ఫోటోగ్రాఫరే, అమెరికాలో పీటర్ క్రోగ్ అని. మూడు కాపీలు, రెండు రకాల మీడియాలో, ఒకటి ఊరవతల. అక్క ఇల్లు ప్రొద్దుటూరులోనేనా?

ప్రొద్దుటూరు ఫోటో:
లేదన్నా, బద్వేలు. నెలకోసారి పోతాను ఎలాగూ.